మలికా సోఫీ జేవర్, మా అమ్మీ లచ్ఛా

డెన్మార్క్ బాద్షాకి తాజ్ ఉంది గానీ ఆయన దాన్ని తలకి పెట్టుకోడు. ఆ దేశంలో ఆఖరి తాజ్‌పోషీ జరిగింది 1840లో. ఇప్పటి బాద్షా పదో ఫ్రెడరిక్ 2024 జనవరి 14న తఖ్త్ ఎక్కాడు. ఆ రోజు ఏం జరిగిందో మీలో కొందరు టీవీలో చూసే ఉంటారు. వాళ్లమ్మ మలికా మార్గరెథె వజీర్ల సభలో ఒక కాగితం మీద దస్తఖత్ పెట్టి లేచి వెళ్లిపోయింది. కాసేపటికి మహల్ బాల్కనీలో దేశ ప్రధానమంత్రి నిలబడి కొత్త బాద్షా పేరు ఎలాన్ చేసింది. అంతే. తాజ్ లేదు, చేతిలో రాజదండం లేదు, నుదుటికి నూనె లేదు. అదే శహర్‌లో రోసెన్‌బోర్గ్ అనే పాత మహల్ తహ్‌ఖానాలో, అద్దాల పెట్టెలో, తాజ్ తన చోట తను ఉండిపోయింది.

అది ఎవరికన్నా వాడతారు అంటే మయ్యత్‌కే. బాద్షా ఇంతెఖాల్ అయితే తాబూత్ మీద పెడతారు. 1972లో తొమ్మిదో ఫ్రెడరిక్ పోయినప్పుడు అలాగే పెట్టారు. బతికున్న తలకి అక్కర్లేని తాజ్ పోయినవాడి పెట్టె మీదికి ఎక్కుతుంది.

మా అమ్మాయీ దామాదూ కోపెన్‌హాగన్‌లో ఉంటారు. పోయిన ఎండాకాలం నేను రెండు నెలలు వాళ్ల దగ్గరున్నాను. మామూలుగా అయితే మ్యూజియం అంటే నాకు మోకాళ్ల నొప్పి గుర్తొస్తుంది. కానీ అప్పుడు నా దిమాగ్ నిండా జేవరే ఉంది. అమ్మీ పోయి నాలుగు నెలలైంది. ఆమె జేవర్ ఇంకా పంచుకోలేదు. రోజూ వాట్సాప్‌లో భయ్యా ఒక మాట, ఆపా ఒక మాట, ఛోటీ ఒక ఏడుపు. అందుకే మా అమ్మాయి "అమ్మీ, ఇక్కడ బాద్షాల జేవర్ చూస్తావా" అంటే వెంటనే చెప్పులేసుకున్నా. ఒకసారి కాదు, మూడుసార్లు వెళ్లా. మూడోసారి ఒక్కదాన్నే వెళ్లా.

రోసెన్‌బోర్గ్‌ని కట్టించింది నాలుగో క్రిస్టియన్. ఎర్ర ఇటుకల మహల్, చుట్టూ పెద్ద బాగ్. 1838 నుంచే జనాన్ని లోపలికి రానిస్తున్నారు. ఖజానా కింద తహ్‌ఖానాలో ఉంది. మెట్లు దిగాక ముందు కళ్లు చీకటికి అలవాటు పడాలి, తర్వాత వెలుగుకి అలవాటు పడాలి.

అక్కడ పెద్ద తాజ్‌లు రెండున్నాయి. రెండింటి మధ్య తేడా అర్థమైతే ఆ దేశం తారీఖ్ సగం అర్థమైనట్టే.

మొదటిది నాలుగో క్రిస్టియన్‌ది. 1595-96లో ఓడెన్స అనే ఊళ్లో డిరిక్ ఫ్యూరింగ్ అనే కంసాలి చేశాడు. బరువు 2,895 గ్రాములు. మన పాత తులాల్లో లెక్కేస్తే దాదాపు 248 తులాలు. రత్నాలూ మీనాకారీ కలుపుకునే అనుకోండి, అయినా మెడ విరుగుతుంది. దాని మీద చిన్న చిన్న బొమ్మలున్నాయి. ఒక పక్షి తన రొమ్ము తనే పొడుచుకుని ఆ ఖూన్ పిల్లలకి పెడుతోంది. ఒక తల్లి బిడ్డకి పాలిస్తోంది. సింహం మీద ఎక్కిన స్త్రీ ఒకతి, కత్తి పట్టుకున్న ఇన్సాఫ్ బొమ్మ ఒకటి. బాద్షా అనేవాడికి ఏమేం ఉండాలో తల మీదే రాసిపెట్టారన్నమాట. కుర్బానీ, పెంపకం, తాఖత్, ఇన్సాఫ్.

ఈ తాజ్ పైన మూత లేదు. తెరిచిన తాజ్. ఆ రోజుల్లో డెన్మార్క్ బాద్షాకి తఖ్త్ పుట్టుకతో వచ్చే హఖ్ కాదు. ఉమరాల సభ ఒకటి ఉండేది, ఆ పెద్ద ఖాందాన్ల వాళ్లు ఒప్పుకోవాలి. ఒప్పుకునేముందు ఆయన చేత ఒక షరతుల కాగితం రాయించుకునేవాళ్లు, నేను ఇలా చేస్తాను, ఇలా చెయ్యను అని. తాజ్‌పోషీ రోజు పాద్రీలూ ఉమరాలూ అందరూ కలిసి చేతులేసి ఆ తాజ్‌ని ఆయన తలకి పెట్టేవాళ్లు. ఇది నీది కాదు, మేమూ ఖుదా కలిసి నీకు అప్పజెప్పిన అమానత్ అని దాని మతలబ్. రైతులకి ఆ చేతుల్లో చోటు లేదు, అది వేరే మాట. అయినా నాకు ఆ దృశ్యం నచ్చింది. అన్ని చేతులు పట్టుకున్న తాజ్ ఎటూ పారిపోలేదు కదా.

పారిపోలేదు అన్నాను గానీ ఒకసారి ఊరు దాటింది. నాలుగో క్రిస్టియన్‌కి జంగ్ అంటే సరదా. జర్మనీలో ముప్పై ఏళ్ల పాటు సాగిన మజ్‌హబీ జంగ్‌లో 1625లో దూకాడు, మరుసటి ఏడు లుటర్ దగ్గర చిత్తుగా ఓడాడు. తర్వాత స్వీడన్‌తో. ఖజానా ఖాళీ అయింది. అప్పుడు ఆయన ఏం చేశాడంటే, మన ఇళ్లల్లో మగవాళ్లు ఏం చేస్తారో అదే. తాజ్‌ని తీసుకెళ్లి హాంబర్గ్ సేఠ్ దగ్గర రహన్ పెట్టాడు. ఆయన 1648లో చనిపోయేనాటికి అది అక్కడే ఉంది. కొడుకు మూడో ఫ్రెడరిక్‌కి తాజ్‌పోషీ కావాలంటే ముందు తాజ్‌ని విడిపించుకోవాల్సి వచ్చింది. ఇది చదివి నేను అద్దం ముందు నవ్వాను. పక్కనున్న తెల్లావిడ నన్నొకలా చూసింది. ఆమెకేం తెలుసు, షాదీ ముహూర్తం దగ్గరపడ్డాక బ్యాంకుకి పరుగెత్తి గాజులు విడిపించుకున్న ఇళ్లు మావి అని.

రెండో తాజ్ ఆయన మనవడిది, ఐదో క్రిస్టియన్‌ది. 1670-71లో పాల్ కుర్ట్స్ అనే కంసాలి కోపెన్‌హాగన్‌లో చేశాడు. 2,080 గ్రాములు. దీని పైన కమానులు కలిసి మూసుకుపోయి ఉంటాయి, కొసన చిన్న గోళం, సలీబ్. దీనికి పక్షి లేదు, పాలిచ్చే తల్లి లేదు. హీరేలున్నాయి, నీలాలున్నాయి. అందులో ఒక పెద్ద నీలం 1474లో మిలాన్ నవాబు అప్పటి డెన్మార్క్ బాద్షా మొదటి క్రిస్టియన్‌కి తోహ్ఫాగా ఇచ్చిందే అంటారు.

ఈ డెబ్భై అయిదేళ్లలో ఏం మారింది? స్వీడన్ వాళ్లు కోపెన్‌హాగన్‌ని ముట్టడించారు, దేశంలో పెద్ద ముక్క పోయింది. జనం ఉమరాల మీద గుస్సా అయ్యారు. 1660లో శహర్ సేఠ్‌లూ పాద్రీలూ కలిసి, ఇక మాకు ఈ ఉమరాల పెత్తనం వద్దు, తఖ్త్ నీ ఖాందాన్‌దే అని మూడో ఫ్రెడరిక్‌కి రాసిచ్చేశారు. 1665లో ఒక ఖానూన్ తయారైంది. దాని ప్రకారం బాద్షా జవాబు చెప్పాల్సింది ఖుదాకి తప్ప జమీన్ మీద ఎవరికీ కాదు. ఆయన చెయ్యకూడనివి మూడే. మజ్‌హబ్ మార్చకూడదు, సల్తనత్‌ని ముక్కలు చెయ్యకూడదు, తన ఇఖ్తియార్‌ని తనే తగ్గించుకోకూడదు. మూడోది చూశారా! అన్నీ చెయ్యొచ్చు, నేను కొంచెం తగ్గుతా అనడం మాత్రం జుర్మ్.

కాబట్టి 1671లో ఐదో క్రిస్టియన్ తాజ్‌ని ఎవరి చేతుల నుంచీ తీసుకోలేదు. తన చేత్తో తనే తలకి పెట్టుకుని, పెట్టుకున్నాకే ఫ్రెడరిక్స్‌బోర్గ్ మహల్‌లోని చర్చికి వెళ్లాడు. అక్కడ బిషప్ చేసింది నుదుటికి నూనె పూయడం, దువా చెయ్యడం మాత్రమే. ఇవ్వడానికి మధ్యలో ఎవరూ లేరు అని చెప్పడమే మొత్తం తమాషా. 1840 దాకా అందరూ అలాగే చేశారు.

ఈ మూసిన తాజ్ ముందు నిలబడితే నాకు ఇంకో సంగతి తోచింది. 1671లో యూరప్ ఖజానాల్లోకి హీరేలు వచ్చిన ముఖ్యమైన గని ఎక్కడుందో మనకి తెలుసు. బ్రెజిల్ గనులు బయటపడింది 1720ల్లో. అంతకుముందు హీరా అంటే హిందుస్తాన్, హిందుస్తాన్‌లో హీరా అంటే గోల్కొండ సల్తనత్. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో ఆడా మగా పిల్లలూ కలిపి 60,000 మంది పనిచేస్తున్నారని టావెర్నియే అనే ఫ్రెంచ్ హీరాల వ్యాపారి రాశాడు. మా నానీహాల్ ఆ వైపే. ఇప్పుడు కొల్లూరు ఊరే లేదు, పులిచింతల నీళ్ల కింద ఉంది. డెన్మార్క్ వాళ్లకి మన తీరం కొత్తదీ కాదు. ఇదే నాలుగో క్రిస్టియన్ 1616లో ఈస్టిండియా కంపెనీ పెట్టించాడు, 1620లో తరంగంబాడిలో కోట కట్టించాడు. మన మచిలీపట్నంలో కూడా వాళ్లకి కొన్నాళ్లు కోఠీ ఉండేది. తంజావూరిని ఏలిన రఘునాథ నాయకుడు తెలుగులో కావ్యాలు రాసిన రాజు. ఆయన ఈ క్రిస్టియన్‌కే బంగారు రేకు మీద ఖత్ రాయించి పంపాడు. అది ఇంకా కోపెన్‌హాగన్‌లో జాగ్రత్తగా ఉంది. కొల్లూరులో బురద తట్టలు మోసిన ఆడవాళ్ల చేతికి ఎన్ని రాళ్లు మిగిలాయో మాత్రం ఏ రేకు మీదా లేదు.

పై అంతస్తులో తఖ్త్ ఉంది. దాని గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

యూదుల, ఈసాయీల కితాబుల్లో హజ్రత్ సులైమాన్ అలైహిస్సలాం తఖ్త్ వర్ణన ఉంది. ఏనుగు దంతం తఖ్త్, పక్కన సింహాలు. డెన్మార్క్ బాద్షాకి అలాంటిదే కావాలనిపించింది. అయితే ఏనుగు దంతం ఎవరి దగ్గరైనా ఉంటుంది. అందుకని ఒంటికొమ్ము గుర్రం కొమ్ములతో చేయించాడు. పొడుగ్గా, మెలి తిరిగి, తెల్లగా ఉండే ఆ కొమ్ముకి యూరప్‌లో బంగారం కన్నా ఎక్కువ ఇజ్జత్. జహర్‌కి విరుగుడు అని నమ్మేవాళ్లు. 1662లో మొదలుపెట్టి 1671 దాకా బెండిక్స్ గ్రోడ్‌షిలింగ్ అనే కారీగర్ దాన్ని తయారుచేశాడు. ముందు కాపలాకి నిలువెత్తు వెండి సింహాలు మూడు పోయించారు.

అసలు మజా ఏంటంటే, ఆ కొమ్ములు ఏ గుర్రానివీ కావు. ఉత్తర సముద్రాల మంచులో తిరిగే నార్వాల్ అనే తిమింగలం పన్ను అది. ఈ సంగతి బయటపెట్టింది కూడా ఎవరో పరాయివాడు కాదు, కోపెన్‌హాగన్ హకీమే, ఓలె వోర్మ్. ఎప్పుడు? 1638లో. అంటే తఖ్త్ మొదలుపెట్టడానికి ఇరవై నాలుగేళ్ల ముందే శహర్‌లో చదువుకున్నవాళ్లకి ఇది చేప పన్ను అని తెలుసు. తెలిసీ చేశారు, తెలిసీ కూర్చున్నారు, ఎవరూ నోరు మెదపలేదు. నేను ఆ తఖ్త్ ముందు చాలాసేపు నిలబడ్డాను. సులైమాన్ అలైహిస్సలాం అసా మీద ఆనుకుని ఉండగానే ఇంతెఖాల్ అయ్యారని, చెదపురుగు ఆ అసాని తినేసి ఆయన ఒరిగేదాకా జిన్నాతులకి కూడా తెలియలేదని మనం పిల్లలకి చెబుతాం కదా. తఖ్త్ నకలు చేసినవాళ్లు ఆ ఖిస్సా కూడా విని ఉంటే బాగుండేది. ఆ వెండి సింహాలే ఇప్పుడు బాద్షా తాబూత్‌కి కాపలా కాయడానికి వెళ్తాయట.

సరే, తాజ్‌ల ఖిస్సా అది. నన్ను మూడోసారి ఒంటరిగా తీసుకెళ్లింది మాత్రం తాజ్ కాదు. అదే తహ్‌ఖానాలో ఇంకో అద్దం వెనక ఉన్న జేవర్. ఒక మలికా జేవర్.

ఆమె పేరు సోఫీ మగ్దలేన. ఆరో క్రిస్టియన్ బేగం. అంత మంచి పేరున్న మలికా కాదు. జర్మనీ నుంచి వచ్చింది, దర్బార్‌లో జనంతో కలవదు, ఖర్చు ఎక్కువ అనేవాళ్లు. జిద్ కూడా ఉండేది. ఆమె మామగారు నాలుగో ఫ్రెడరిక్, పెద్ద బేగం బతికుండగానే అన్నా సోఫీ అనే అమ్మాయిని చేసుకున్నాడు. పెద్దావిడని దఫన్ చేసిన మర్నాడే ఈమెతో మళ్లీ పెద్దఎత్తున నిఖా చేసుకుని మలికాని చేశాడు. ఆ ఇంట్లో ఆ గాయం మానలేదు. సోఫీ వంతు వచ్చేసరికి ఆ సౌతెలీ అత్తగారి తలకి ఎక్కిన తాజ్ నాకొద్దు అందని చెబుతారు. 1731లో ఆమె కోసం కొత్తది చేశారు. అదీ అక్కడే ఉంది. తాజ్‌ల్లో నాకు బాగా నచ్చింది అదే. చిన్నది, ఆడదాని తలకి సరిపోయేది.

ఇంత జిద్ ఉన్న మనిషి 1746లో ఒక వసీయత్ రాసింది. నా జేవర్ నా తర్వాత ఏ ఒక్కరి పేరు మీదికీ పోకూడదు. ఎప్పటికీ తాజ్‌తోనే ఉండాలి. ఆ వేళకి ఎవరు మలికా అయితే వాళ్లు వేసుకోవాలి. కారణం కూడా చెప్పింది. ఈ ఇంట్లో జేవర్ చాలా తక్కువగా ఉంది అని. అంటే తను కోడలిగా వచ్చినప్పుడు పెట్టెలో ఏమీ కనబడలేదన్నమాట. ఎందుకు కనబడలేదో మనకి తెలుసు. అంతకుముందు మలికాలు పోతే వాళ్ల జేవర్ ఆడపిల్లలకి, అయినవాళ్లకి, తలా ఒకటి పంచుకుపోయేది.

ఆమె 1770లో పోయింది. ఆ వసీయత్ ఇప్పటికీ నడుస్తోంది. తర్వాతి మలికాలు కొందరు తమవీ కలిపారు. ఇప్పుడు నాలుగు సెట్లున్నాయి. జమర్రుద్‌ది ఒకటి, మెరుపు చెక్కడం హీరేలది ఒకటి, పాత చెక్కడం హీరేలది ఒకటి, మోతీలూ యాఖూత్‌లదీ ఒకటి. మాలిక్ దేశం. వేసుకునే ఇజాజత్ మలికాకే, అదీ దేశం లోపలే. దేశం సరిహద్దు దాటకూడదు. కొత్త సంవత్సరం దావత్ లాంటి వాటికి మలికా తెప్పించుకుంటుంది. ఆ రోజు అద్దం వెనక చోటు ఖాళీగా ఉంటుంది, మళ్లీ తెచ్చి పెట్టేస్తారు. నాకు తెలిసిన మ్యూజియాల్లో జేవర్ చచ్చిపోయి ఉంటుంది. ఇక్కడ పని చేస్తోంది.

1840లో ఒకటి జరిగింది. ఆఖరి తాజ్‌పోషీ జరిగిన ఏడే. అప్పటి మలికా కరొలీన్ అమాలియె, పాతకాలపు డిజైన్లు బాగాలేవని చెప్పి, ఆ రాళ్లన్నీ విప్పించి, వైస్‌హౌప్ట్ అనే కంసాలి చేత కొత్తగా కట్టించింది. ఇప్పుడు మనం చూసేది ఆ కట్టుబడే. సోఫీ వేసుకున్న రూపం లేదు, రాళ్లు ఉన్నాయి. ఇది తప్పని కొందరంటారు. నేను అనను. వేసుకోడానికి రాసిచ్చింది, దాచుకోడానికి కాదు.

మన వాళ్లకి వెంటనే వక్ఫ్ గుర్తొస్తుంది. నాకూ అదే గుర్తొచ్చింది. వక్ఫ్ అంటే మనకి మస్జిద్, ఖబరస్తాన్, దర్గా మాన్యం, వాటి మీద కబ్జాలు, కోర్టు కేసులు. జేవర్ వక్ఫ్ ఉంటుందా? ఇంటికొచ్చి వెతికాను. హంబలీ ఫిఖహ్‌లో పేరున్న కితాబ్ 'అల్ ముగ్నీ'లో ఒక రివాయత్ ఉంది. ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ హఫ్సా రజియల్లాహు అన్హా ఇరవై వేలు పెట్టి జేవర్ కొన్నారట. కొని, ఖత్తాబ్ ఖాందాన్ ఆడవాళ్లు వాడుకోవడానికి వక్ఫ్ చేశారట. దాని మీద జకాత్ తీసేవారు కాదట, ఎందుకంటే దానికి ఒక్క మాలిక్ లేరు కదా. ఈ రివాయత్ సనద్ మీద ఆ మజ్‌హబ్‌లోనే బహస్ ఉంది. మన హనఫీ ఉలమా కదిలే వస్తువుల వక్ఫ్‌కి షరతులు పెట్టారు. అది వేరే మస్లా. కానీ డెన్మార్క్ మలికాకి వెయ్యేళ్ల పైన ముందు మదీనాలో ఒక బీబీకి ఇదే ఖయాల్ వచ్చిందంటే, ఖాందాన్‌లో పేద ఇంటి ఆడపిల్ల కూడా షాదీ రోజు మెడ నిండా వేసుకోవాలని అనుకున్నారంటే, నాకు కళ్లలో నీళ్లొచ్చాయి.

నిజాం జేవర్ సంగతి మీరు అడుగుతారని తెలుసు. అది ఈ దారిన నడవలేదు. ఉస్మాన్ అలీ ఖాన్ ట్రస్టులు పెట్టిపోయారు, వారిసులు బోలెడుమంది, అమ్మకానికి పెట్టారు, ఏళ్ల తరబడి కోర్టు. చివరికి 1995లో 173 వస్తువుల్ని దాదాపు 218 కోట్లకి మర్కజీ హుకూమత్ కొన్నది. రిజర్వ్ బ్యాంక్ తిజోరీలో ఉన్నాయి. 2001లో, 2006లో సాలార్‌జంగ్ మ్యూజియంలో చూపించారు. ఇప్పుడు వాటిని వేసుకునే మెడ ఏదీ లేదు.

ఇక మా ఇంటి మాట. ఇది రాయొద్దని ఆపా అంది. ఛోటీ రాయమంది. భయ్యా చదవడు కాబట్టి రాస్తున్నా.

అమ్మీ జేవర్ మొత్తం పదిహేను తులాలు. అబ్బా ముందే పోయారు. వారిసులం నలుగురం. భయ్యాకి రెండు వంతులు, మా ముగ్గురికీ ఒక్కో వంతు. ఆయనకి ఆరు తులాలు, మాకు మూడేసి. ఖురాన్ లెక్క, ఇందులో బహస్ లేదు. బహస్ ఎక్కడొచ్చిందంటే, భయ్యా పంచొద్దన్నాడు. "అమ్మీ నిశానీని ముక్కలు చేస్తారా? నా బీరువాలో ఉంటుంది, ఎవరికి షాదీ ఉంటే వాళ్లు తీసుకెళ్లండి, మళ్లీ తెచ్చి పెట్టండి" అన్నాడు. వినడానికి ఎంత బాగుందో చూడండి. అచ్చం సోఫీ మలికా మాటే. మా ఆపా కరిగిపోయింది. ఛోటీ మాత్రం ఫోన్‌లో ఏడ్చింది. వాళ్లాయన కొట్టు మూసేశాడు, పిల్లాడి ఫీజు కట్టాలి. ఆ మూడు తులాలు ఆమెకి నిశానీ కాదు, రెండేళ్ల రోటీ. "నేను అడిగితే లాల్చీదాన్ని అయిపోతున్నా ఆపా" అంది నాతో.

మన ఖాందాన్లలో ఎన్నిసార్లు చూశాం దీన్ని. చెల్లెళ్ల హఖ్‌ని ఎవరూ నేరుగా లాక్కోరు. ఇజ్జత్ అంటారు, నిశానీ అంటారు, మైకా తలుపు మూసుకుపోతుంది అంటారు. చెల్లెలు సిగ్గుపడి మాఫ్ చేశానంటుంది. బీరువా తాళం చెవి మాత్రం ఒక్కరి దగ్గరే ఉంటుంది.

ఆ తహ్‌ఖానాలో నేను మూడోసారి నిలబడి చూసింది ఇదే. సోఫీ తన జేవర్ తను రాసిచ్చింది, బతికుండగా, పూరా ఇఖ్తియార్‌తో. హజ్రత్ హఫ్సా తన సొమ్ముతో కొని వక్ఫ్ చేశారు. భయ్యా చేస్తానంటున్నది ఏంటి? ఛోటీ మూడు తులాలు, నా మూడు తులాలు, ఆపా మూడు తులాలు తీసుకుని వాటికి అమానత్ అని పేరు పెట్టడం. అది 1671 తాజ్. ఎవరి చేతులూ తగలకుండా తనే తీసి తన తలకి పెట్టుకుని, తర్వాత దువా చెయ్యడానికి మమ్మల్ని పిలుస్తున్నాడు.

ఇండియా వచ్చాక ముఫ్తీ సాబ్ దగ్గరికి నలుగురం వెళ్లాం. నేనేం వాదించలేదు, మస్లా అడిగానంతే. ఆయన గట్టిగానే చెప్పారు. ముందు తక్సీమ్. ప్రతి వారిస్ చేతిలో వాళ్ల హిస్సా పడాలి. చేతిలో పడ్డాక ఎవరికి ఇష్టమైతే వాళ్లు ఏమైనా చేసుకోవచ్చు, హిబా చెయ్యొచ్చు, అమ్ముకోవచ్చు. చేతిలో పడకముందు మాఫ్ చేశాను అనే మాటలో సగం షర్మ్ ఉంటుంది, దాన్ని రజామందీ అనుకోకండి అన్నారు. అమ్మీ బతికుండగా వసీయత్ రాసినా వారిసుల్లో ఒకరి పేర రాస్తే మిగతావాళ్లు ఒప్పుకుంటేనే చెల్లేది, పరాయివాళ్లకి రాసినా మూడో వంతు దాటకూడదు అని కూడా చెప్పారు. భయ్యా తల దించుకుని విన్నాడు. బయటికొచ్చి ఏమీ మాట్లాడకుండా చాయ్ ఇప్పించాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఇంట్లో పెద్ద కొడుకులందరికీ నేర్పించిందే ఆయనకీ నేర్పించారు.

కంసాలి షాపులో తూకం వేయించాం. ఛోటీ కంగన్లు తీసుకుంది, అక్కడే అమ్మేసింది, ఎవరూ ఏమీ అనలేదు. ఆపా ఝుంకేలూ ఉంగరాలూ తీసుకుంది. భయ్యాకి చందన్‌హార్, మిగతావి. నేను కాలీ పోత్ లచ్ఛా అడిగాను. అమ్మీ షాదీలో దాదీమా మెడలో వేసింది అది. నల్లపూసల మధ్య బంగారం మూడు తులాల కన్నా కొంచెం ఎక్కువే తూగింది, ఆ ఎక్కువకి భయ్యాకి డబ్బు కట్టాను. రసీదు రాసుకున్నాం.

ఇప్పుడది నాది. పూరా నాది. రమ్జాన్‌లో దాని జకాత్ నా లెక్కలో తీస్తాను. మా ఖాందాన్‌లో ఏ ఆడపిల్ల నిఖా అయినా, నలుగురి పిల్లల్లో ఎవరిదైనా, ఆ రోజు లచ్ఛా ఆమె మెడలో ఉంటుంది. ఆరియత్‌గా, అంటే వాడుకుని తిరిగి ఇచ్చేలా. నా తర్వాత కూడా ఇది సాగాలంటే వక్ఫ్ చెయ్యాలా, ఇంకో దారి ఉందా అని ముఫ్తీ సాబ్‌ని అడిగాను. కాగితం తయారవుతోంది. పూసలు పాతబడితే కొత్తగా గుచ్చుకోవచ్చు, డిజైన్ నచ్చకపోతే మార్చుకోవచ్చు అని అందులో రాయించాను. అది కరొలీన్ అమాలియె దగ్గర నేర్చుకున్నది. రహన్ పెట్టకూడదు అని కూడా రాయించాను. అది నాలుగో క్రిస్టియన్ దగ్గర.

దేశం దాటకూడదు అనే షరతు మాత్రం పెట్టలేకపోయాను. మా పిల్లల్లో సగం మంది బయటే ఉన్నారు. ప్రస్తుతానికి లచ్ఛా భయ్యా ఇంట్లోనే ఉంది, ఆయన బీరువాలోనే. వచ్చే నెల ఆయన పెద్దమ్మాయి నిఖా. మొన్న ఫోన్ చేసి అడిగింది, "ఫుప్పూ, వలీమా రోజు కూడా వేసుకోవచ్చా?" అని. వేసుకో బేటా అన్నాను. బుధవారం దాకా ఉంచుకో.